మనసు బాధను కొలవాలా, క్షేమాన్ని కొలవాలా? నెల్లూరు, ప్రకాశం సర్వేలకు ప్రశ్నావళి ఎంపిక

ఒంగోలులోనో నెల్లూరులోనో థీసిస్ ప్రొటోకాల్ రాసే పీజీ విద్యార్థి శాంపిల్ సైజు కోసం వారం రోజులు కుస్తీ పడతారు. మానసిక స్థితిని దేనితో కొలుస్తారన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది: సీనియర్ థీసిస్‌లో ఏముంటే అదే. తర్వాత ఫలితాలన్నిటినీ నడిపించేది ఆ ఒక్క వాక్యమే. ఒకే ఊళ్లో, ఒకే నెలలో, అవే మనుషుల్ని రెండు ప్రశ్నావళులతో అడిగితే ఒకదాంట్లో బాధితులుగా తేలినవాళ్లు రెండోదాంట్లో మామూలుగా తేలడం వింతేమీ కాదు. ఆ రెండూ కొలిచే వస్తువే వేరు.

అందుకని పేరు ఎంచుకునే ముందు మీకు కావాల్సింది ఏమిటో తేల్చుకోండి. ఒకటి, జబ్బు పేరు పెట్టకుండా మొత్తంగా మనసు పడే బాధ: దిగులు, కంగారు, నిద్రలేమి, చిరాకు కలగలిసినది. రెండు, డిప్రెషన్ లేదా యాంగ్జైటీ అనే నిర్దిష్టమైన జబ్బు లక్షణాలు. మూడు, క్షేమం, అంటే ఉత్సాహం, నెమ్మది, బతుకు మీద ఇష్టం. బాధ లేకపోవడమే క్షేమం అనుకుంటే పొరపాటు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త కోరీ కీస్ 2002లో ఈ రెంటినీ రెండు వేర్వేరు గీతలుగా చూడాలన్నాడు. డ్వాక్రా అప్పు వాయిదా కోసం రాత్రిళ్లు నిద్ర పట్టని మనిషే పగలు సంఘం సమావేశంలో నలుగురికీ ధైర్యం చెబుతూ కనిపిస్తుంది. ఆమెకు బాధ స్కోరూ ఎక్కువే, క్షేమం స్కోరూ ఎక్కువే రావచ్చు. రెండోది కొలవకపోతే ఆమెలో సగం మీ లెక్కలోకి రాదు.

బాధను మొత్తంగా కొలిచేవి

పోటీ మూడు ప్రశ్నావళుల మధ్య: జీహెచ్‌క్యూ-12 (జనరల్ హెల్త్ క్వశ్చనేర్), ఎస్‌ఆర్‌క్యూ-20 (సెల్ఫ్ రిపోర్టింగ్ క్వశ్చనేర్), కే-10 (కెస్లర్ స్కేలు).

జీహెచ్‌క్యూని డేవిడ్ గోల్డ్‌బర్గ్ 1970ల మొదట్లో 60 ప్రశ్నలతో తయారు చేశాడు. 12 ప్రశ్నల పొట్టి రూపమే ఇప్పుడు ఎక్కువ వాడకంలో ఉంది. ఆరు ప్రశ్నలు మంచి వైపు నుంచి, ఆరు చెడ్డ వైపు నుంచి అడుగుతుంది. దీని బలమూ బలహీనతా రెండూ జవాబుల్లోనే ఉన్నాయి. ఒక్కో ప్రశ్నకున్న నాలుగు జవాబుల్లో దాదాపు అన్నీ 'ఎప్పటికన్నా' అన్న పోలికతో ఉంటాయి: ఎప్పటిలాగే, ఎప్పటికన్నా ఎక్కువగా, చాలా ఎక్కువగా. మొన్నీమధ్య వచ్చిన మార్పును ఇది బాగా పట్టుకుంటుంది. తుపాను తర్వాతనో, రొయ్యల చెరువులో వైరస్ తగిలి పంట మొత్తం పోయాకనో చేసే సర్వేకు సరిగ్గా సరిపోతుంది.

అదే కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పదేళ్లుగా నడుం వంగిపోయిన మనిషిని అడగండి. "బాధగా, దిగులుగా ఉంటోందా?" అంటే "ఎప్పటిలాగే ఉంది" అంటాడు. మామూలుగా వాడే 0-0-1-1 లెక్కలో (నాలుగు జవాబులకు వరుసగా వేసే మార్కులివి) ఆ జవాబుకు సున్నా. పదేళ్ల దిగులు సున్నా అయిపోయింది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1985లో ఇంకో లెక్క వచ్చింది. చెడ్డ వైపు ప్రశ్నల్లో 'ఎప్పటికన్నా ఎక్కువేం కాదు' అన్నా 1 వేస్తారు, అంటే 0-1-1-1. దీర్ఘకాలిక రోగుల మధ్య జీహెచ్‌క్యూ వాడక తప్పదంటే రెండు పద్ధతుల్లోనూ లెక్కేసి రెండూ నివేదించండి. మూడో పద్ధతి 0-1-2-3. దాంతో 0 నుంచి 36 వరకూ స్కోరు వస్తుంది, సగటులు పోల్చడానికి అది మేలు. ఏ పద్ధతి వాడారో రాయకుండా "సగటు 11.4" అని ఇస్తే ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు.

జీహెచ్‌క్యూలో తరచూ జరిగే తప్పు ఇంకొకటుంది. మంచి వైపు ప్రశ్నలు కనిపించగానే వాటి స్కోర్లను తిరగేయాలనుకుని తిరగేస్తారు. అవసరం లేదు. జవాబుల వరుసలోనే ఆ పని జరిగిపోయి ఉంటుంది: ఏ ప్రశ్నకైనా ఎడమ చివర బాగున్నట్టు, కుడి చివర బాగోనట్టు. తిరగేస్తే మంచి ప్రశ్నలూ చెడ్డ ప్రశ్నలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంతర్గత పొందిక (ప్రశ్నలన్నీ ఒకే దాన్ని కొలుస్తున్నాయా అన్నది), అంటే క్రాన్‌బాక్ ఆల్ఫా, దారుణంగా పడిపోతుంది. ఆల్ఫా 0.7 దాటాల్సిన చోట 0.3 వస్తే జనాన్ని తప్పు పట్టకముందు ఎక్సెల్ షీటు చూసుకోండి. ఇంకో సంగతి, జీహెచ్‌క్యూకు కాపీరైట్ ఉంది. అనుమతి, రుసుము గురించి ముందే కనుక్కోకపోతే పత్రిక అడిగినప్పుడు ఇబ్బంది.

ఎస్‌ఆర్‌క్యూ-20 పుట్టుకే మనలాంటి చోట్ల కోసం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక బాధను పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనంలో దీన్ని కొలంబియా, ఇండియా, ఫిలిప్పీన్స్, సూడాన్‌లలో వాడారు. ఆ ఫలితాలు 1980లో వచ్చాయి, వాడకందారుల గైడు 1994లో వచ్చింది. ఇరవై ప్రశ్నలు, అవును-కాదు జవాబులు, గత 30 రోజులు. తలనొప్పి, ఆకలి, చేతులు వణకడం, అరుగుదల వంటివి ముందు అడుగుతుంది, మనసు సంగతి మెల్లగా వస్తుంది. మన పల్లెల్లో మాట ఈ వరుసలోనే నడుస్తుంది. "మీకు దిగులుగా ఉందా" అని నేరుగా అడిగితే "నాకేం దిగులు" అని కొంగు సర్దుకునే అవ్వ, "తలనొప్పి వస్తుంటుందా" అంటే పది నిమిషాలు చెబుతుంది. చదువు రానివాళ్లను నోటితో అడిగి రాసుకునే ఇంటింటి సర్వేకు మా మొదటి ఎంపిక ఇదే. చాలా చోట్ల 8, ఆపైన వస్తే బాధితులుగా లెక్కిస్తారు, కానీ ఈ కటాఫ్ జనాన్ని బట్టి మారుతుంది.

దీని లోటు చికిత్స ముందూ తర్వాతా పోల్చేటప్పుడు బయటపడుతుంది. నెలలో ఇరవై రోజులు ఏడ్చిన మనిషి మందులు వేసుకున్నాక నాలుగు రోజులే ఏడిస్తే అప్పుడూ 'అవును', ఇప్పుడూ 'అవును'. తగ్గుదల స్కోరులో కనపడదు.

కే-10ని రొనాల్డ్ కెస్లర్ బృందం తయారుచేసింది. పది ప్రశ్నలు, 30 రోజులు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 10 నుంచి 50. ఇందులోంచి తీసిన కే-6ని 0 నుంచి 24గా లెక్కించి, 13, ఆపైన వస్తే తీవ్రమైన బాధ అంటారు. ఉచితం. చదువుకున్నవాళ్లు, కాలేజీ విద్యార్థులు, ఫోన్ సర్వేలకు బాగుంటుంది. పల్లెలో చిక్కు ఐదు మెట్ల దగ్గరే. 'అప్పుడప్పుడు', 'కొంత సమయం', 'ఎక్కువ సమయం' అని చదివి వినిపిస్తే మూడో ప్రశ్నకల్లా అన్నిటికీ "అప్పుడప్పుడే" అనేస్తారు. రెండో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' అంటే మూడోది అడగక్కర్లేదు, ఐదుకు అలాగే ఆరు. అడగకుండా వదిలిన వాటికి 1 వేయాలి. ఖాళీగా వదిలేస్తే మొత్తం తప్పుతుంది.

ఈ మూడింటినీ, డిప్రెషన్ లక్షణాలు అడిగే పీహెచ్‌క్యూనీ, కే-6నీ కలిపి గోవాలో ప్రాథమిక చికిత్సకు వచ్చినవాళ్ల మీద పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. అన్నీ పనికొచ్చేవే అని తేలింది, జీహెచ్‌క్యూ, ఎస్‌ఆర్‌క్యూ కాస్త ముందున్నాయి. కొలిచే శక్తిలో తేడా చిన్నదైనప్పుడు ఎంపికను తేల్చేది అడిగే తీరు, భాష, కాలపరిమితి.

జబ్బు లక్షణాలు కావాలంటే

డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 2001లో, యాంగ్జైటీకి గ్యాడ్-7 2006లో వచ్చాయి. రెండూ ఉచితం, తెలుగు ప్రతులూ దొరుకుతాయి. రెండు వారాల కాలం, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3. పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27కి 5, 10, 15, 20 దగ్గర తీవ్రత మెట్లు. గ్యాడ్-7లో 21కి 5, 10, 15. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ఈ రెండింటినీ అడిగి డాక్టర్లకు పంపే ప్రాజెక్టు నడిచింది. అంటే శిక్షణ ఇస్తే ఆశాలతో సాధ్యమయ్యే పనే. చికిత్స ఫలితం కొలవాలంటే ఎస్‌ఆర్‌క్యూ కన్నా పీహెచ్‌క్యూ-9 నయం. స్కోరు 5 తగ్గితే చెప్పుకోదగ్గ మార్పుగా తీసుకుంటారు.

దీంట్లో జవాబులు 'కొన్ని రోజులు', 'సగం రోజులకన్నా ఎక్కువ', 'దాదాపు రోజూ'. ఇవి నోటిమాటగా చెబితే జారిపోతాయి. చింతగింజలు వాడండి. పద్నాలుగు గింజలు చాప మీద వరుసగా పెట్టి, "ఇవి పద్నాలుగు రోజులు. నిద్ర పట్టక ఇబ్బంది పడ్డ రోజులన్ని గింజలు ఇటు జరపమ్మా" అనండి. 0-1 జరిపితే సున్నా, 2 నుంచి 6 వరకూ 1, 7 నుంచి 11 వరకూ 2, 12 నుంచి 14 వరకూ 3. పీహెచ్‌క్యూ-8ని (తొమ్మిదో ప్రశ్న లేని రూపం) రోజుల లెక్కలో అడిగిన పెద్ద సర్వేల్లోనూ ఇవే హద్దులు వాడారు. గింజలు జరిపేటప్పుడు మనిషి ఆలోచిస్తుంది, ఒకటి వెనక్కి లాగుతుంది, "ఆదివారం బానే పడుకున్నా" అంటుంది. ఆ ఆలోచనే మీకు కావాల్సిన డేటా.

పీహెచ్‌క్యూకి పెద్ద చిక్కు ఒంటి లక్షణాలతో. తొమ్మిదింట్లో నిద్ర, అలసట, ఆకలి నేరుగా శరీరానివి. కదలిక మందగించడం కూడా సగం అటే. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వచ్చేవాళ్లకు ఇవన్నీ జబ్బువల్లే ఉంటాయి, మనసు బాగున్నా స్కోరు 8-9 దాకా వెళ్లిపోగలదు. ఆరోగ్యవంతులకూ సీజన్ ఉంటుంది. పొగాకు బ్యారన్ వేసినప్పుడు ఆకు పాకానికి వచ్చేదాకా రోజుల తరబడి మంట ఆరకూడదు, వేడి తప్పకూడదు, రాత్రి వంతులు వేసుకుని కాస్తారు. ఆ రెండు వారాల్లో వెళ్లి "నిద్ర సరిగా పట్టిందా" అంటే బ్యారన్ కొలిచినట్టే, మనసు కొలిచినట్టు కాదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి ఏరేటర్లు చూసుకునే కాపలావాళ్లకూ ఇంతే.

దీనికి రెండు దారులు. ప్రతి ఒంటి లక్షణం తర్వాత "పని వల్లా, జబ్బు వల్లా, ఊరికేనా?" అని ఒక అదనపు గడి పెట్టి రాసుకోండి. స్కోరు మార్చొద్దు, విశ్లేషణలో విడిగా చూడండి. లేదా ఆసుపత్రి రోగులకైతే హ్యాడ్స్ అనే ప్రశ్నావళి తీసుకోండి. 1983లో జిగ్మండ్, స్నెయిత్ ఆసుపత్రి ఓపీ కోసమే, ఒంటి లక్షణాలను కావాలని తప్పించి తయారుచేశారు. పద్నాలుగు ప్రశ్నలు, ఏడు ఆందోళనకి, ఏడు డిప్రెషన్‌కి, ఒక్కో భాగానికి 21. ఎనిమిది నుంచి పది సందేహం, పదకొండు, ఆపైన వస్తే కేసు. అయితే ఇది ఇంగ్లిష్ నుడికారంలో నిండా మునిగింది. ఒక ప్రశ్నలో భయాన్ని కడుపులో సీతాకోకచిలుకలతో పోల్చారు. ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఉదయగిరి రైతు మీ మొహం చూస్తాడు. అక్కడ ఉండాల్సింది 'కడుపులో దేవినట్టు', 'గుండెలో గుబులు' లాంటి మాట. దీనికీ రుసుము ఉంది, మాటలు మార్చడానికి అనుమతి కావాలి.

బాలింతలకు ఈపీడీఎస్ (కాన్పు తర్వాతి డిప్రెషన్‌కు ఎడిన్‌బరో స్కేలు) తప్ప వేరే ఆలోచన వద్దు. 1987 నాటిది, పది ప్రశ్నలు, గత ఏడు రోజులు, 30కి స్కోరు. కటాఫ్ 10 లేదా 13 వాడతారు. ఇందులో నిద్ర ప్రశ్న చూడండి, ఎంత జాగ్రత్తగా రాశారో తెలుస్తుంది: మనసు బాగోక నిద్ర పట్టలేదా అని అడుగుతుంది. బిడ్డ ఏడ్చి లేపిన నిద్ర లెక్కలోకి రాదు. అనువాదంలో 'మనసు బాగోక' అన్న ముక్క ఎగిరిపోతే ప్రతి బాలింతకూ మార్కులు పడతాయి. ఇంకొకటి, మన దగ్గర కాన్పు తర్వాత నెలల తరబడి పుట్టింట్లోనే ఉంటారు. అత్తగారి ఊరి పీహెచ్‌సీ రిజిస్టరు పట్టుకుని ఆరో వారం వెళితే ఇంట్లో బాలింత ఉండదు. నమోదు చేసేటప్పుడే పుట్టింటి ఊరు, ఫోను రాసుకోండి.

వృద్ధులకు అవును-కాదు జవాబుల జీడీఎస్-15 (వృద్ధుల డిప్రెషన్ స్కేలు) మంచిది.

క్షేమాన్ని కొలవాలంటే

డబ్ల్యూహెచ్‌ఓ-5 అన్నిటికన్నా చిన్నది. ఐదు ప్రశ్నలూ మంచి వైపు నుంచే, రెండు వారాలు, ఒక్కోటి 0 నుంచి 5. 25కి వచ్చిన స్కోరును నాలుగుతో గుణిస్తే వందకు స్కోరు. 50కి దిగితే ఆ మనిషిని ఇంకాస్త వివరంగా అడగాలి. 10 పాయింట్ల తేడాను చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు. గుణించారో లేదో రాయకపోవడం దీంట్లో మామూలు పొరపాటు. స్కోరు 20 అంటే 25కి 20నా, 100కి 20నా? ఒకటి హాయిగా ఉన్న మనిషి, ఒకటి వెంటనే సాయం కావాల్సిన మనిషి.

వార్విక్-ఎడిన్‌బరో స్కేలు 2007లో వచ్చింది. పద్నాలుగు ప్రశ్నలు, 14 నుంచి 70 వరకూ. ఏడు ప్రశ్నల పొట్టి రూపమూ ఉంది. లాభాపేక్ష లేని పరిశోధనకు నమోదు చేసుకుంటే చాలు. ఆలోచన స్పష్టంగా ఉండటం, మనుషులతో దగ్గరగా ఉండటం వంటివీ ఇందులో ఉన్నాయి కాబట్టి యోగా తరగతులో, స్కూల్లో జీవన నైపుణ్యాల కార్యక్రమమో పనిచేసిందా అని చూడటానికి డబ్ల్యూహెచ్‌ఓ-5 కన్నా లోతుగా కొలుస్తుంది. సమయం కూడా ఎక్కువ పడుతుంది. కూలికి వెళ్లే తొందరలో ఉన్న మనిషిని వాకిట్లో నిలబెట్టి అడిగేది కాదు. కారొల్ రిఫ్ స్కేళ్లు సిద్ధాంతంగా గొప్పవే, ఆరు కోణాలున్నాయి. కానీ స్వయం నిర్ణయం, వ్యక్తిగత ఎదుగుదల అంటూ ఒంటరి మనిషిని కేంద్రంగా పెట్టుకుని అడిగే ప్రశ్నలు ఉమ్మడి నిర్ణయాలతో నడిచే ఇళ్లలో ఏం కొలుస్తున్నాయో మళ్లీ నిరూపించుకోవాలి. థీసిస్ గడువులో అది అయ్యే పని కాదు.

డబ్ల్యూహెచ్‌ఓ-5లో చివరి ప్రశ్న రోజువారీ జీవితంలో ఆసక్తి కలిగించే సంగతులు ఉన్నాయా అన్న అర్థంలో ఉంటుంది. "మీ దైనందిన జీవితం ఆసక్తికరమైన విషయాలతో నిండి ఉందా?" అని చదివితే కూలికి వెళ్లే మనిషి 'సినిమాలు చూస్తున్నావా' అని అడిగినట్టు తీసుకుంటుంది. "రోజూ చేసే పనుల్లో మనసు పెట్టాలనిపించేవి ఉన్నాయా?" అంటే జవాబు వేరే వస్తుంది.

తెలుగులో ఎలా అడుగుతున్నారన్నది

ఇద్దరు విడివిడిగా తెలుగు చేయడం, కూర్చుని ఒకటి చేసుకోవడం, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించడం, నిపుణులు చూడటం. ఈ వరుస అందరికీ తెలుసు. ఎగ్గొట్టేది ఆ తర్వాతి మెట్టు. ఎనిమిది, పది మందిని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా చదివి "నేనేం అడిగాననుకున్నారు? మీ మాటల్లో చెప్పండి" అనడం. తిరుగు అనువాదం పట్టలేని తప్పులు ఇక్కడ దొరుకుతాయి.

'నెర్వస్' అన్న మాట తీసుకోండి. డిక్షనరీ చూసి నరాలతో ముడిపెట్టి, "నరాల బలహీనతగా అనిపించిందా" అని రాసిన ప్రతిని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చేవారు చక్కగా 'నెర్వస్' అనే రాస్తారు. కాగితం మీద పాస్. ఊళ్లో 'నరాల బలహీనత' అంటే గోడల మీద రాసే ప్రకటనల జబ్బు. మగవాళ్లు నవ్వుతారు, ఆడవాళ్లు తల దించుకుంటారు, ఇద్దరూ "లేదు" అంటారు. 'కంగారు', 'గాబరా', 'గుండె దడ'లలో ఏది నోటికొస్తుందో ఆ పది మందే చెబుతారు.

తెలుగులో వ్యతిరేక ప్రశ్న ఇంకో గుంట. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదా?" అని అడిగితే "లేదు" అంటారు. నిద్ర పట్టట్లేదనా, అలాంటి ఇబ్బంది లేదనా? మన భాషలో రెండూ చెల్లుతాయి. ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు రెండు రకాలుగా రాసుకుంటారు. ప్రతి ప్రశ్నను 'అవును' అంటే బాధ ఉన్నట్టు వచ్చేలా తిప్పండి: "నిద్ర పట్టక ఇబ్బంది పడుతున్నారా?" మంచి వైపు ప్రశ్నలైతే "తృప్తిగా ఉంటోందా?" అని నేరుగా.

కాలపరిమితిని 'గత రెండు వారాలుగా' అని చదివేస్తే చాలామంది చెవిలో 'ఈమధ్య' అని మాత్రమే పడుతుంది. పున్నమి దాటి ఒకటి రెండు రోజుల్లో వెళితే "పోయిన అమావాస్య నుంచి ఇప్పటిదాకా" అనండి, పక్షం రోజులు సరిపోతాయి. మిగతా రోజుల్లో సంతను వాడండి: "రెండు సంతల కిందటి నుంచి." ముస్లిం ఇళ్లలో "రెండు జుమ్మాల నుంచి". యానాది కాలనీల్లో పని చేస్తుంటే మాటల పరీక్షకు పిలిచే పది మందిలో ఆ కాలనీవాళ్లు తప్పక ఉండాలి. టౌన్లో తేల్చిన తెలుగును అక్కడికి మోసుకుపోకండి.

అడిగే చోటు కూడా స్కోరును మారుస్తుంది. వసారాలో అత్తగారు బియ్యం ఏరుతూ కూర్చుంటే కోడలికి బాధలేమీ ఉండవు. ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు వెళ్లి, ఒకరు అత్తగారిని ఇంటి ఖర్చుల ప్రశ్నలతో పలకరిస్తే రెండోవారు పెరట్లో కోడలితో మాట్లాడొచ్చు. దీనికి ఎదురు సమస్యా ఉంది. సర్వే అంటే పింఛనో పథకమో అనుకుని అన్నిటికీ "అవును" చెప్పడం, ముఖ్యంగా కిడ్నీ, ఫ్లోరైడ్ బాధిత ఊళ్లలో. ఈ జవాబుల వల్ల ఏ పథకమూ రాదు, పోదు అని మొదటే చెప్పాలి.

కటాఫ్ దాటినవాళ్లందరూ రోగులు కారు

ఏ ప్రశ్నావళి ఎంచుకున్నా ఈ లెక్క ముందేసుకోండి. వెయ్యి మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 100 మంది అనుకుందాం. మీ ప్రశ్నావళి జబ్బున్నవాళ్లలో 85 శాతాన్ని పడుతుంది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. జబ్బున్నవాళ్లలో 85 మంది పడ్డారు. లేని 900 మందిలో 135 మంది కూడా పడ్డారు. మొత్తం 220. "మా మండలంలో 22 శాతానికి డిప్రెషన్" అని రాస్తే అసలుకు రెట్టింపు పైన రాసినట్టు. కటాఫ్ దాటిన ప్రతి ఐదుగురిలో ముగ్గురికి జబ్బు లేదు.

దిద్దడానికి 1978 నాటి రోగన్-గ్లాడెన్ సూత్రం ఉంది. సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టే పాలు), స్పెసిఫిసిటీ (లేనివాళ్లను సరిగ్గా వదిలే పాలు) రెండూ 0.85 కాబట్టి: (0.22 + 0.85 − 1) ÷ (0.85 + 0.85 − 1) = 0.07 ÷ 0.70 = 0.10. పదిశాతం తిరిగొచ్చింది. కానీ ఆ రెండు సంఖ్యలూ మన జనంలో కొలిచినవి కావాలి. వీలైతే కటాఫ్ దాటిన అందరినీ, దాటనివాళ్లలో పదిమందికి ఒకరినీ సైకియాట్రిస్టు దగ్గర 'మినీ' వంటి రోగనిర్ధారణ ఇంటర్వ్యూకి పంపండి. నిమ్హాన్స్ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది ఇలాంటి ఇంటర్వ్యూతోనే. పెద్దల్లో ప్రస్తుత మానసిక అనారోగ్యం 10.6 శాతమని తేల్చింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన జిల్లా అంకెగా దాన్ని వాడుకునేటప్పుడు ఆ మాట రాయాలి. సైకియాట్రిస్టు దొరకని పక్షంలో 'డిప్రెషన్ ఉన్నవారు' అనకుండా 'స్కోరు 10, ఆపైన వచ్చినవారు' అనే రాయండి.

ప్రాణం తీసుకోవాలన్న ప్రశ్న

పీహెచ్‌క్యూలో తొమ్మిదోది, ఈపీడీఎస్‌లో పదోది, ఎస్‌ఆర్‌క్యూలో పదిహేడోది. దీన్ని తీసేయమని ఊరివాళ్లో, ఒక్కోసారి పెద్ద డాక్టర్లో సలహా ఇస్తారు. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. 2015లో పొగాకు ధర పడిపోయి ప్రకాశంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి నేల మీద ఆ ప్రశ్న తీసేసి సర్వే చేయడం సరికాదు. తీసేస్తే అది పీహెచ్‌క్యూ-8 అవుతుంది, పేరు అలాగే రాయాలి.

ఉంచితే మాత్రం "అవును" అన్న మనిషిని వదిలి పక్కింటికి వెళ్లే హక్కు ఎవరికీ లేదు. సర్వేకు ముందే ఇవన్నీ సిద్ధంగా ఉండాలి: ఆ రోజు ఫోను ఎత్తే డాక్టరు ఒకరు, దగ్గర్లో సైకియాట్రీ ఓపీ ఉన్న ఆసుపత్రి, టెలి-మానస్ నంబరు 14416 రాసిన చీటీలు, ఇంట్లో ఎవరికి చెప్పొచ్చో ఆ మనిషినే అడిగి తెలుసుకునే మాట. ఇలాంటి జవాబు వస్తే వారంలో మళ్లీ వెళ్లడానికి మనిషి ఉండాలి. ఇంత ఏర్పాటు చేయలేకపోతే డబ్ల్యూహెచ్‌ఓ-5 తీసుకోండి, దాంట్లో ఆ ప్రశ్న లేదు. తక్కువ స్కోరు వచ్చినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపే బాధ్యత దానికీ తప్పదు.

మరి ఏది?

చదువు రానివాళ్లు ఎక్కువున్న ఊళ్లలో ఒక్కసారి చేసే ఇంటింటి సర్వే అయితే ఎస్‌ఆర్‌క్యూ-20, నోటితో. పీహెచ్‌సీలో షుగరు, బీపీ రోగులకు డిప్రెషన్ వెతకాలంటే పీహెచ్‌క్యూ-9, గింజలతో, ఒంటి లక్షణాల అదనపు గడితో. డయాలసిస్, క్యాన్సర్ వార్డుల్లో హ్యాడ్స్, డబ్బూ అనుమతీ ఉంటే. తుపాను, పంట నష్టం లాంటి తాజా దెబ్బ తర్వాత జీహెచ్‌క్యూ-12. ఏదైనా కార్యక్రమం ఫలితం చూడాలంటే పీహెచ్‌క్యూ-9తో పాటు డబ్ల్యూహెచ్‌ఓ-5. ఒకటి బాధ తగ్గిందా చెబుతుంది, రెండోది మనిషి కోలుకున్నాడా చెబుతుంది, రెండూ కలిపి పావుగంటకు మించదు. కాలేజీ విద్యార్థులకు ఫోన్‌లో పంపే ఫారమైతే కే-10, కానీ రాత్రి రెండింటికి తీవ్రమైన స్కోరు పంపిన కుర్రాడిని మర్నాడు ఎవరు పలకరిస్తారో ముందే రాసిపెట్టుకుని.

ఏది తీసుకున్నా మెథడ్స్‌లో ఈ సంగతులు ఉండాలి: ప్రశ్నావళి ఏ రూపం, ఎన్ని ప్రశ్నలు, ఎన్ని రోజుల కాలం, స్కోరు పద్ధతి, కటాఫ్ ఏ జనంలో కొలిచింది, తెలుగు ప్రతి ఎవరిది, ఏ మాటలు మార్చారు, చదివించారా లేక అడిగి రాశారా, ఏ నెలలో అడిగారు. నెల ఎందుకంటే, బ్యారన్లు మండే నెలల్లో వచ్చిన స్కోరును ఎండాకాలపు స్కోరుతో పోల్చబోయే తర్వాతి పీజీకి ఆ ఒక్క మాటే దారి చూపిస్తుంది.